స్తంభం మొదట్లో ఇసుక

అందరికీ నమస్కారం.

విశాఖ బీచ్‌లో అల వెనక్కి పోయేటప్పుడు కదలకుండా నిలబడి చూసే ఉంటారు. మడమల కింద ఇసుక జారిపోతుంది, తూలి పడబోతాం. కాళ్ళలో బలం అలాగే ఉంది, కింద ఆధారం పోయింది. సముద్రంలో కట్టిన స్తంభానికి వచ్చే కష్టం కూడా ఇదే.

ప్రవాహం స్తంభానికి కొట్టుకున్నాక కొంత నీరు నేరుగా అడుక్కి దిగుతుంది. అక్కడ సుడి తిరిగి, స్తంభం మొదలు చుట్టూ గుర్రపు నాడాలా తవ్వుతుంది. గోదావరి వంతెన కింద నీరు ఒకే దిక్కుకు పోతుంది. ఆటుపోట్లున్న చోట సుమారు ఆరు గంటలకోసారి దిక్కు మారుతుంది. పోటు ఒకవైపు, పాటు ఇంకోవైపు తవ్వుతాయి. ఒకటి తవ్విన గుంటను రెండోది కొంత పూడుస్తుంది కూడా. ఇంగ్లండ్ తూర్పు తీరాన స్క్రోబీ శాండ్స్‌లో గాలిమరలను 4.2 మీటర్ల వ్యాసమున్న ఉక్కు గొట్టాల మీద నిలబెట్టారు. వాటి చుట్టూ దాదాపు 5 మీటర్ల లోతు గుంటలు పడ్డాయి. రాళ్ళు పోశారు. ఆ రాళ్ళ అంచున మళ్ళీ కోత మొదలైంది.

ఈ అంచు గురించే నా బాధంతా. నెదర్లాండ్స్‌లోని ఊస్టర్‌స్కెల్డె అడ్డుకట్ట చూడండి. 1953 ఉప్పెనలో ఆ దేశంలో 1,836 మంది చనిపోయారు. ఆ తర్వాత అక్కడ సముద్రం నేల లోపలికి చొచ్చుకొచ్చే పాయకు అడ్డంగా కట్ట కట్టి, పూర్తిగా మూసేద్దామనుకున్నారు. ఆల్చిప్పల మీద బతికేవాళ్ళు, ప్రకృతి ప్రేమికులు గట్టిగా పోరాడారు. చివరికి 65 స్తంభాలు, 62 గేట్లతో, మామూలు రోజుల్లో నీరు వచ్చిపోయేలా కట్టి 1986లో ప్రారంభించారు. వాళ్ళ పోరాటం న్యాయమైనదనే నేను నమ్ముతాను. కానీ నీరు కదులుతున్నంత కాలం కోత ఉంటుంది.

కట్టినవాళ్ళకు అది తెలుసు. అందుకే స్తంభాల కింద 200 మీటర్ల పొడవు, 42 మీటర్ల వెడల్పు, 36 సెంటీమీటర్ల మందంతో, ఇసుక, కంకర నింపిన పరుపులు వేశారు. వాటిని పరిచిన ఓడ పేరు కార్డియం. అదీ ఒక గుల్ల పేరే. అడ్డుకట్టకు రెండువైపులా అర కిలోమీటరుకు పైగా అడుగును కప్పేశారు. గేట్ల మధ్య నుంచి జోరుగా, సుళ్ళు తిరుగుతూ వచ్చే నీటికి ఆ కప్పు దాటగానే వట్టి ఇసుక దొరికింది. అక్కడ తవ్వడం మొదలుపెట్టింది. కొన్ని గుంటలు సముద్ర మట్టం నుంచి 50 మీటర్లకు మించి దిగాయి.

లోతు కన్నా వాలు నాకు ఎక్కువ టెన్షన్ పెడుతుంది. వదులు ఇసుక గోడ నిటారుగా అయితే ఒక్కసారిగా జారి, అడ్డుకట్ట వైపు తినుకుంటూ రావచ్చు. అందుకే ఇన్నేళ్ళయినా అక్కడ పడవలు తిరుగుతూ ధ్వనితో అడుగును కొలుస్తున్నాయి. కొత్త మ్యాపును పాత మ్యాపు పక్కన పెట్టి చూసి, వాలు నిటారవుతున్న చోట రాళ్ళు, ఉక్కు ఫ్యాక్టరీ చిట్టెం పోస్తున్నారు.