మబ్బు అడవిలో పసుపు వన్నె సాలమండర్

శ్రోతలకు నమస్కారం. మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశంలో, వాయవ్య దిక్కున, కుచుమతానెస్ పర్వతశ్రేణి ఉంది. 1975లో పాల్ ఎలియాస్, జెరెమీ జాక్సన్ అనే ఇద్దరు యువ పరిశోధకులు అక్కడి అడవుల్లో, ఒళ్లంతా పసుపు రంగుతో, వీపు మీద ముదురు చారతో ఉన్న ఒక సాలమండర్ జాతిని కనుగొన్నారు. దానికి జాక్సన్ పేరే పెట్టారు. ఆ తరువాత 42 ఏళ్లపాటు అది ఎవరి కంటా పడలేదు.

సాలమండర్ చూపుకు బల్లిలా ఉన్నా, కప్పల మాదిరిగా ఉభయచరం. దాని ఒంటిపై పొలుసులుండవు. తెలుగు నేలపై ఇవి లేవు. మన దేశంలో తూర్పు హిమాలయాల్లోనూ ఈశాన్య కొండల్లోనూ మాత్రమే కనిపిస్తాయి. జాక్సన్ సాలమండర్ చేరిన కుటుంబపు జీవులకైతే అసలు ఊపిరితిత్తులే లేవు. చర్మం ద్వారానూ నోటి లోపలి పొర ద్వారానూ ప్రాణవాయువును తీసుకుంటాయి గనుక ఆ చర్మం ఎల్లవేళలా చెమ్మగా ఉండి తీరాలి. దాని గుడ్లు కూడా నీటిలో కాక తేమ గల నేలమీదే పొదగబడి, వాటినుంచి తోకకప్పలు కాక నేరుగా చిన్న సాలమండర్లే వెలువడతాయి. మబ్బులు చెట్ల కొమ్మలకు ఆనుకుని సాగే అడవి, నాచు పట్టిన మానులు, కుళ్లుతున్న దుంగలు ఉంటేనే ఈ ఏర్పాటు సాగుతుంది. చెట్లు నరికి కాఫీ మొక్కలు నాటితే ఎండ నేలకు తగులుతుంది, తేమ ఆరిపోతుంది, సాలమండర్‌కు చోటుండదు.

కాఫీ తోటలు ముంచుకొస్తున్న ఆ అడవిలో కొంత భాగాన్ని, 2015లో, కొన్ని అంతర్జాతీయ సంస్థలు గ్వాటెమాలాకు చెందిన ఫుండాఎకో సంస్థతో కలిసి కొని, ఉభయచరాల రక్షణ ప్రాంతంగా ఏర్పరచాయి. అప్పటికి జాక్సన్ సాలమండర్ బతికి ఉందో లేదో ఎవరికీ తెలియదు. అయినా అడవిని కాపాడడమే ముందు జరగవలసిన పని అని వారు భావించారు. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో అసలు తెలివైన నిర్ణయం అదే. ఎందుకంటే 2017 అక్టోబరులో దాన్ని మళ్లీ చూసినది అన్వేషణ బృందమేమీ కాదు, ఆ రక్షణ ప్రాంతపు కాపలాదారు రామోస్ లియోన్. మధ్యాహ్న భోజన విరామంలో, అడవి అంచున, ఒక పిల్ల సాలమండర్ ఆయన కంటపడింది. ఏళ్ల తరబడి దానికోసం వెదికిన జీవశాస్త్రవేత్త కార్లోస్ వాస్కెస్‌కు ఆయన దాని ఫోటో పంపారు.

గొడ్డలిని కంచె ఆపగలదు గాని వేడిమిని ఆపలేదు. వాతావరణం వేడెక్కేకొద్దీ మబ్బులు ఇంకా పైకి జరుగుతాయి, వాటి వెంట సాలమండర్లూ ఎగబాకవలసి వస్తుంది. పర్వతానికి మాత్రం ఎత్తు పెరగదు. అందుకే రక్షిత ప్రాంతం ఒకే ఎత్తున కాక, దిగువ వాలు నుంచి శిఖరం వరకు తెగకుండా సాగాలి.