మొదటి రాత్రి నిద్ర ఎంత ఎత్తున?

శ్రోతలకు నమస్కారం.

బొలీవియా దేశపు నైరుతి మూలన ఉయూనీ అనే చిన్న ఊరు ఉంది. ఆ ఊరు దాటి కొంతదూరం పోగానే భూమి తెల్లబడుతుంది. అది మంచు కాదు, ఉప్పు. పదివేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఉప్పు. నేను నౌపడ వైపు ఉప్పుమళ్లు చూస్తూ పెరిగినవాణ్ని. ఉప్పు అంటే నాకు గట్లు, మళ్లు, సముద్రపు గాలి. అక్కడ గట్టు లేదు, సముద్రం లేదు. ఎన్నో వేల ఏళ్ల కిందట ఎండిపోయిన సరస్సులు 3,650 మీటర్ల ఎత్తున వదిలిపోయిన ఉప్పు అది. అంచున ఉన్న కొల్చాని అనే పల్లెవాళ్లు దాన్ని పారలతో గోకి, చిన్న చిన్న కుప్పలు పోసి ఆరబెడతారు. ఆ కుప్పలు చూసేసరికి నాకు కాసేపు మాట రాలేదు. ప్రపంచం అవతలి అంచున మా ఊరి ఉప్పుకుప్పలే!

డిసెంబరు నుంచి మార్చి దాకా వానలు కురిస్తే ఆ నేల మీద పలచగా నీళ్లు నిలిచి ఆకాశమంతా అందులో కనిపిస్తుంది. మేము వెళ్లింది జూలైలో. నేలంతా పొడిగా, తేనెపట్టు గదుల్లాంటి గీతలతో ఉంది. నడుమ ఇంకావాసి అనే రాతి దీవి. అక్కడి కొండజనం మాట్లాడే కెచువా భాషలో ఆ పేరుకు ‘ఇంకాల ఇల్లు’, అంటే ఒకప్పుడు ఆ కొండలను ఏలిన ఇంకా జాతివాళ్ల ఇల్లు అని అర్థం. దాని నిండా స్తంభాల్లా లేచిన జెముడు చెట్లు. కొన్ని మనిషికి నాలుగైదు రెట్లు ఎత్తున్నాయి. ఏడాదికి ఒక సెంటీమీటరు పెరుగుతాయని అక్కడివాళ్లు చెబుతారు. ఆ లెక్కన వాటి వయసు ఊహిస్తూ గుట్ట ఎక్కడం మొదలుపెట్టాను. చిన్న గుట్టే. అయినా పది అడుగులు వేసి ఆగాను. మళ్లీ పది అడుగులు, మళ్లీ ఆగాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ ఆయాసం గురించే.

మన రెండు రాష్ట్రాల్లో ఏ కొండ ఎక్కినా 1,700 మీటర్లు దాటం. అక్కడ యాత్ర మొత్తం అంతకు రెట్టింపు ఎత్తుపైనే సాగుతుంది. జీపులో మూడు పగళ్లు, రెండు రాత్రులు. మా మొదటి రాత్రి ఉప్పు మైదానం అంచున, ఉప్పు దిమ్మలతో కట్టిన ఇంట్లో, సుమారు 3,700 మీటర్ల దగ్గర గడిచింది. రెండో రాత్రి లగూనా కొలొరాడా అనే ఎర్రని సరస్సు పక్కన, దాదాపు 4,300 మీటర్ల దగ్గర. పులికాట్‌లో మనం చూసే ఫ్లెమింగోల దాయాదులు, మూడు జాతులవి, ఆ ఎర్రటి నీళ్లలో ముక్కులు దించి నిలబడి ఉంటాయి. ఆ ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదాంట్లో పదింట ఆరు పాళ్లే. పీల్చిన ప్రతి ఊపిరిలోనూ ప్రాణవాయువు అంత తక్కువ.

ఆ రెండో రాత్రి సంగతి వివరంగా చెబుతాను.

మట్టి ఇటుకల ఇల్లు, ఒకే ఒక పొయ్యి, పొడవాటి బల్ల. బయట నీళ్లు గడ్డకడుతున్నాయి. బల్లకు ఇవతల మేము, ఉయూనీ నుంచి వచ్చినవాళ్లం. అవతల మరో బృందం. వాళ్లు అదే దారిని ఎదురు దిక్కున పట్టారు. ఆ ఉదయమే చిలీలోని శాన్ పెడ్రో నుంచి బయలుదేరారు. ఆ ఊరు 2,400 మీటర్ల దగ్గర ఉంది. అంటే వాళ్లకు అది మొదటి రాత్రి. ఒకే ఇల్లు, ఒకే ఎత్తు, ఒకే కినోవా చారు. మేము రెండోసారి వడ్డించుకుంటున్నాం. వాళ్లలో ఒక్కరూ చెంచా ముట్టలేదు. నా మేనకోడలి వయసున్న ఒక అమ్మాయి తల బల్లకు ఆనించి కూర్చుంది. రెండుసార్లు లేచి బయటికి వెళ్లి వాంతి చేసుకుంది. వంటామె కోకా ఆకుల కషాయం తెచ్చి, ఆ పిల్ల వీపు నిమురుతూ చాలాసేపు పక్కనే నిలబడింది. ఆ జబ్బును అక్కడ సొరోచే అంటారు. వాళ్ల డ్రైవరు జీపులోంచి ఆక్సిజన్ సిలిండరు తెచ్చాడు.

కిందికి దించితే తగ్గుతుంది కదా, దించవచ్చు కదా అని నేను మా డ్రైవరును అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. శాన్ పెడ్రోకు వెనక్కి వెళ్లాలంటే ముందు ఇంకా పైకెక్కాలి. వేడినీటి బుగ్గలున్న సోల్ దె మన్యానా మీదుగా, 4,900 మీటర్ల దాకా. ఉయూనీ వైపు దిగాలంటే చీకట్లో, దారి సరిగా లేని రాళ్లలో కొన్ని గంటల ప్రయాణం. అందుకే ఆ చోటు నాకు భయం కలిగించింది. ఎక్కి వచ్చినవాళ్లకు దిగే మెట్టు దగ్గరలో లేదు. తెల్లవారాక ఆమెను ఉయూనీ వైపే తీసుకువెళ్లారు.

మేము బలవంతులమా? కాదు. మేము ముందుగా సుక్రే నగరంలో, 2,800 మీటర్ల దగ్గర, మూడు రాత్రులు పడుకున్నాం. తరువాత ఉయూనీలో రెండు రాత్రులు. ఊపిరి ఎంత లోతుగా తీయాలో, రక్తాన్ని ఎలా సర్దుకోవాలో శరీరం నేర్చుకోవడానికి రోజులు పడుతుంది. పగలు ఎంత ఎత్తు తిరిగామన్నదానికన్నా రాత్రి ఎక్కడ పడుకున్నామన్నదే ముఖ్యం. మళ్లీ చెబుతున్నాను, రాత్రి ఎక్కడ పడుకున్నామన్నదే ముఖ్యం. మూడు వేల మీటర్లు దాటాక నిద్రపోయే చోటు రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదని కొండ వైద్యం తెలిసినవారి మాట. శాన్ పెడ్రో నుంచి నేరుగా వచ్చినవాళ్లు ఒక్క రోజులో 1,900 మీటర్లు ఎక్కారు.

తలనొప్పి, వాంతి ఉంటే ఇంకా పైకి వెళ్లకండి. కూర్చున్నా ఆయాసం వస్తుంటే, నడక తూలుతుంటే, మాట తడబడుతుంటే తెల్లవారేదాకా ఆగవద్దు, ఎంత కష్టమైనా దించండి. మందుల విషయం బయలుదేరకముందే మీ డాక్టరుతో మాట్లాడండి.

మన పిల్లలు ఇప్పుడు అమెరికా నుంచి, హైదరాబాదు నుంచి అక్కడికి వెళుతున్నారు. వెళ్లాలి, ఆ తెలుపు చూడాలి. యాత్రకు డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగమని వాళ్లకు చెప్పండి: మొదటి రాత్రి నిద్ర ఎన్ని మీటర్ల ఎత్తున? 3,700 అంటే ఉయూనీలో రెండు రోజులు ఆగి బయలుదేరమనండి. 4,300 అంటే దిక్కు మార్చుకోమనండి. సరస్సులూ ఫ్లెమింగోలూ అటునుంచి వెళ్లినా అవే కనిపిస్తాయి.

నమస్కారం.