షుగర్ మాత్ర పక్కన ఉండే ఆ రెండో మాత్ర

అందరికీ నమస్కారం. మొన్న మా పెదనాన్నగారి మందుల డబ్బా తెరిచి చూశాను. షుగర్ మాత్రల షీటు ఖాళీ అయిపోయింది, పక్కనే ఉన్న అటోర్వాస్టాటిన్ (స్టాటిన్ రకం కొలెస్ట్రాల్ మాత్ర) షీటులో మాత్రం పదింటికి తొమ్మిది అలాగే ఉన్నాయి. అదేంటని అడిగితే, "రిపోర్టులో కొలెస్ట్రాల్ నార్మలే వచ్చిందిగా, ఇంకా అది ఎందుకురా" అన్నారు. గుండె ఝల్లుమంది.

ఎందుకంటే ఆ మాత్ర రిపోర్టు కోసం కాదు, రక్తనాళాల కోసం. షుగర్ ఉన్నవాళ్లకి నాళాల లోపలి పొర ఏళ్ల తరబడి దెబ్బతింటూ ఉంటుంది, అక్కడ కొవ్వు పేరుకుంటుంది, నొప్పీ ఉండదు, తెలియనూ తెలియదు. 2004లో కార్డ్స్ అనే అధ్యయనం ఫలితాలు వచ్చాయి. బ్రిటన్, ఐర్లండ్‌లలో షుగర్ ఉండి, అప్పటికి గుండె జబ్బు లేని, కొలెస్ట్రాల్ కూడా మరీ ఎక్కువ లేని 2838 మందిని తీసుకుని, సగం మందికి రోజూ 10 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మందు వేసుకున్నవాళ్లలో పక్షవాతం దాదాపు సగానికి తగ్గింది. ఫలితం అంత స్పష్టంగా ఉండడంతో, అనుకున్నదానికంటే రెండేళ్ల ముందే అధ్యయనం ఆపేశారు. పెదనాన్నగారి డబ్బాలో మిగిలిపోయింది సరిగ్గా ఆ మందే.

ఇంకొకటి రామిప్రిల్. బీపీ మాత్ర అంటాం గానీ, షుగర్ ఉన్నవాళ్లలో అది కిడ్నీలోని సన్నటి నాళాల మీద ఒత్తిడి తగ్గిస్తుంది, మూత్రంలో ప్రోటీన్ పోవడం తగ్గుతుంది. కొందరికి పొడి దగ్గు వస్తుంది. దగ్గొచ్చిందని చాలామంది మానేసి ఊరుకుంటారు, నాకు బాధేసేది అక్కడే, డాక్టర్‌కి చెబితే లోసార్టాన్ లాంటిది మార్చి ఇస్తారు, దానితో దగ్గు రావడం చాలా తక్కువ. అలాగే స్టాటిన్‌తో ఒళ్లు నొప్పులొస్తే డోసు తగ్గించొచ్చు, వేరే రకం ఇవ్వొచ్చు. ముందు చెప్పాలి, అంతే.

కొత్తవాటిలో ఎంపాగ్లిఫ్లోజిన్ ఉంది, ఒంట్లో ఎక్కువైన చక్కెరను మూత్రంలో పంపేస్తుంది. అప్పటికే గుండె జబ్బు ఉన్న షుగర్ పేషెంట్లలో గుండె, రక్తనాళాల జబ్బులతో వచ్చే మరణాలు 38 శాతం తగ్గాయని 2015లో తేలింది. మన దేశంలో 2025లో దాని పేటెంట్ ముగిశాక ధర బాగా దిగింది. ఖరీదని అప్పట్లో వద్దనుకున్నవాళ్లు ఇప్పుడు మళ్లీ అడగండి.

ఇవేవీ పక్కింటివాళ్ల చీటీ చూసి కొనేవి కావు. గర్భంతో ఉన్నవాళ్లు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు ఈ మందులు వాడుతుంటే ఆ విషయం వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. రామిప్రిల్, లోసార్టాన్ వాడేవాళ్లకు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం రక్తపరీక్షలు అవసరం.

ఈ రాత్రి భోజనాలయ్యాక మీ ఇంట్లో పెద్దవాళ్ల మందుల డబ్బా ఒకసారి తెరిచి, ఏ షీటు నిండుగా మిగిలిందో చూడండి.