ఇంటి గోడకు రాగి తొడుగు: ముందు తేల్చుకోవాల్సింది నీటి దారి

[తెర మీద: తళతళలాడే రాగి రేకు, దాని పక్కన ముదురు గోధుమ రంగు రేకు]

ఈ రెండూ ఒకే రాగి. ఎడమవైపుది కొత్తది. కుడివైపుది కొన్నేళ్లు ఎండావానలకు తడిసి ఆరింది. అందరూ మొదటిదాన్ని చూసి మనసు పారేసుకుంటారు. గోడ మీద మిగిలేది మాత్రం రెండోదే. ఆ మెరుపు నెలల్లో మసకబారుతుంది.

మరి పచ్చటి చిలుము? వాలు కప్పు మీద పడుతుంది గానీ, నిలువు గోడ మీద నీరు నిలవదు కాబట్టి అంత త్వరగా పట్టదు. పొడి వాతావరణంలో గోడ మీది రాగి దశాబ్దాలపాటు గోధుమ రంగులోనే ఉండిపోవచ్చు. పచ్చదనమే కావాలంటే ముందే చిలుము పట్టించిన రేకులు దొరుకుతాయి.

[యానిమేషన్: గోడ అడ్డుకోత]

రేకు మందం సుమారు 0.7 మిల్లీమీటర్లు. దాన్ని గోడకు నేరుగా అంటించరు. వెనక గాలి ఆడే సందు ఉంటుంది. పక్కపక్క రేకుల అంచుల్ని కలిపి మడుస్తారు. పట్టుకునే క్లిప్పు ఆ మడతలోనే దాక్కుంటుంది కాబట్టి రేకుకు ఒక్క మేకు చిల్లు కూడా పడదు. మూడు మీటర్ల రేకు 50 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 2.5 మిల్లీమీటర్లు సాగుతుంది. క్లిప్పు దాన్ని అటూఇటూ జరగనివ్వాలి. మేకులతో బిగించేస్తే రేకు ఉబ్బుతుంది.

[క్లోజప్: రేకు మీద నల్లటి వేలిముద్ర]

ఇది పనివాడి చెమట చేసిన పని. కొత్త రేకును చేతి తొడుగుల్లేకుండా ముట్టుకోకూడదు.

అసలు తలనొప్పి నీళ్లతోనే. రాగి మీదుగా జారిన వాన నీరు కింద ఉన్న జింకు పూత గొట్టాన్ని, అల్యూమినియం కిటికీ చట్రాన్ని తినేస్తుంది. తెల్లటి రాయి మీద పచ్చటి చారలు పెడుతుంది. న్యూయార్క్ లిబర్టీ విగ్రహం సంగతే చూడండి. 1886లో ఆవిష్కరించిన ఆ రాగి తొడుగు లోపలి ఇనుప పట్టీలు, మధ్యలో పెట్టిన అడ్డుపొర పాడయ్యాక, రాగి తగిలి తుప్పు పట్టాయి. 1986 నాటికి ముగిసిన మరమ్మతులో వాటి స్థానంలో స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీలు వేశారు. రాగి తొడుగు మాత్రం చాలావరకు చెక్కుచెదరలేదు!

అందుకే క్లిప్పులు, వాటిని గోడకు బిగించే మేకులు రాగివో స్టెయిన్‌లెస్ స్టీల్‌వో ఉండాలి. అడుగు అంచును గోడకు దూరంగా బయటికి వంచి, నీళ్లు కింద గులకరాళ్ల మీద పడేలా చేయాలి. చేపల తొట్టిలోకి మాత్రం వద్దు, కరిగిన రాగి చేపలకు విషం.

నన్నడిగితే ఇల్లంతా రాగి అక్కర్లేదు. వీధివైపు ఒక్క గోడ చాలు. ఆ గోడకు నున్నటి పెద్ద పలకల కన్నా సన్నటి పట్టీలు మేలు. పలుచటి రేకు వెడల్పయ్యేకొద్దీ ఏటవాలు ఎండలో అలలు అలలుగా కనిపిస్తుంది. ఆర్డరిచ్చే ముందు మడత, అడుగు అంచు ఉన్న చిన్న నమూనా చేయించి, మీ గోడ మీదే బిగించి చూడండి.