ఒకే తలుపున్న గోదాం: డీర్యామ్‌ల రాసుడు, చదువుడు ఒకేసారి ఎట్ల?

[తెర మీద: బల్ల, పాత ర్యామ్, దాని మీద నల్లటి చిప్పులు]

నమస్తే, హన్మకొండ నుంచి మాట్లాడుతున్న. "అన్నా, కెమెరా బొమ్మ రాస్తుంటే అదే టైంల స్క్రీన్ చదవాలె, ఒక్క మెమరీ చిప్పుతోని అయితదా?" ఫైనలియర్ ప్రాజెక్టు చేసే తమ్ముండ్లు, చెల్లెండ్లు ఇదే అడుగుతరు. అయితది. కాని ముందు డీర్యామ్, అంటే కంప్యూటర్లల్ల మామూలుగా వాడే మెమరీ చిప్పు లోపలికి పోదాం.

[బొమ్మ: ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్]

ఐబీఎంల పనిచేసిన రాబర్ట్ డెన్నార్డ్‌కు 1968ల పేటెంట్ వచ్చిన సెల్, అంటే ఒక బిట్ దాచే గది ఇది. కెపాసిటర్‌ల చార్జి ఉంటే ఒకటి, లేకుంటే సున్నా. ఎండాకాలం ఇంట్ల రంజన్ చెమర్చినట్టు ఆ చార్జి కారిపోతనే ఉంటది. అందుకే మామూలుగా 64 మిల్లీసెకన్లల ప్రతి వరుస సెల్లను రిఫ్రెష్ చేయాలె, అంటే చార్జి మళ్ల నింపాలె.

అసలు తిరకాసు చదివేకాడ ఉన్నది. రంజన్ల నీళ్లు చూడాలంటే మూత తీస్తే చాలు. ఇక్కడ మొత్తం వంపి చూడాలె! చదివితే సెల్ల ఉన్నది పోతది. చిప్పులనే ఉండే సెన్స్ యాంప్లిఫయర్ అనే సర్క్యూట్ ఆ వరుసంతా పట్టుకొని మళ్ల నింపుతది. అది అయ్యేదాకా అదే బ్యాంకుల (చిప్పుల ఒక భాగం) ఇంకో వరుస తెరువరాదు. కాబట్టి ఒకే క్షణంల రెండు పనులన్న మాటే లేదు, టైం పంచుకోవాలె.

పంచుకున్నోళ్లల్ల నాకు బాగా నచ్చింది ఆపిల్ కంపెనీ పెట్టినోళ్లల్ల ఒకడైన స్టీవ్ వోజ్నియాక్. 1977ల వచ్చిన ఆపిల్ టూ కంప్యూటర్ల 6502 ప్రాసెసర్‌కు ప్రతి క్లాక్‌ల సగం సేపే మెమరీ కావాలె. మిగిలిన సగం వీడియోకు ఇచ్చిండు. వీడియో చదువుకుంట పోతుంటే రిఫ్రెష్ కూడా దాంతోనే అయిపోయేది. ఎంత అందమైన పని!

[తెర మీద: లెక్క]

మన కెమెరా 640 గుణకారం 480, పిక్సెల్‌కు 2 బైట్లు. ఫ్రేముకు 6,14,400 బైట్లు. సెకనుకు 30 ఫ్రేములు రాస్తే దాదాపు 18 మెగాబైట్లు, 60 చదివితే 37. మొత్తం 55. 16 బిట్ల ఎస్‌డీర్యామ్ (క్లాక్‌తోని నడిచే డీర్యామ్) 100 మెగాహెర్ట్జ్ మీద సెకనుకు గరిష్ఠంగా 200 మెగాబైట్లు ఇస్తది. జాగ ఉన్నది.

ఇగ ఎనుమాముల మార్కెట్ దిక్కు ఒకే తలుపున్న మిర్చి గోదాం అనుకోండి. ఒక బస్తా లోపలికి, ఒక బస్తా బయటికి అంటే హమాలీలు తలుపుకాడనే గుద్దుకుంటరు. ఇరవై లోపలికి, తర్వాత ఇరవై బయటికి అంటే పని సాఫీగా నడుస్తది. మెమరీల ఇట్ల ఒక్కసారే వరుసగ రాసుడు, చదువుడునే బరస్ట్ అంటరు. తలుపు దొరికేదాకా బస్తాలు పెట్టుకునే అరుగే ఫిఫో, అంటే ముందు వచ్చింది ముందు పోయే చిన్న మెమరీ. ఎఫ్‌పీజీఏ (మనకు కావాల్సిన సర్క్యూట్ మనమే కట్టుకునే చిప్పు) లోపలి బ్లాక్ ర్యామ్ అనే చిన్న మెమరీకి నిజంగనే రెండు పోర్టులు, అంటే రెండు తలుపులుంటయ్, ఫిఫోలు దాంట్ల కట్టుకోండి: కెమెరా దిక్కు ఒకటి, స్క్రీన్ దిక్కు ఒకటి. నడుమ ఆర్బిటర్ ఎవరి వంతో చెప్తది.

ఇంతా చేసినా ఒకే ఫ్రేము పెట్టుకుంటే బొమ్మ చిరుగుతది. నా ప్రాజెక్టుల కెమెరా ముందు చెయ్యి ఊపితే వేళ్లు ఒక దిక్కు, మణికట్టు ఒక దిక్కు కనబడ్డయ్: పైసగం కొత్త ఫ్రేము, కిందసగం పాతది. రెండు రాత్రులు వైర్లనే అనుమానించిన. మందు ఏందంటే రెండు ఫ్రేములు. ఒకటి రాస్తుంటే ఇంకోటి చదువుడు, కొత్తది నిండినంక స్క్రీన్ ఖాళీ విరామంల మార్చుడు. వాటిని వేరువేరు బ్యాంకులల్ల పెడితే ఒకటి నడుస్తుంటే రెండోదాంట్ల వరుస తెరిచి పెట్టుకోవచ్చు.

బోర్డు మీదికి పోకముందు సిమ్యులేషన్‌ల రిఫ్రెష్, చదువుడు బరస్ట్ వెంటవెంట వచ్చేటట్టు చేసి, కెమెరా ఫిఫో ఫుల్ సిగ్నల్ చూడుండ్రి. అది లేచినంక కూడా కెమెరా ఆగదు, వచ్చిన పిక్సెల్ వచ్చినట్టే పోతది.