నల్లగా ఉన్నంత మాత్రాన దారి ఖాళీ కాదు: విమానంలో వెదర్ రాడార్

నమస్కారమండి. ఏప్రిల్ నెల, మా కోనసీమలో దాళ్వా కోతల రోజులు. కల్లంలో ధాన్యం ఉంటుంది, మధ్యాహ్నం మూడు దాటాక పడమట మబ్బు లేస్తుంది. మా బాబాయి ఆ మబ్బు పైన తెల్లగా విచ్చుకున్న గొడుగును అసలు పట్టించుకోడు. దాని అడుగు చూస్తాడు. అడుగు నల్లబడితే చాలు, "బరకాలు పట్రండ్రా" అని కేకేస్తాడు. ఇన్నేళ్లుగా విమానం నడుపుతూ రాడార్‌తో నేను చేసేదీ అదే పనండి. మబ్బు అడుగు వెతకడం.

ఎందుకో చెప్తాను. విమానం ముక్కులో పళ్లెంలాంటి యాంటెన్నా ఉంటుంది. అది పంపే తరంగం పొడవు సుమారు 3 సెంటీమీటర్లు. వాన చుక్కలకీ తడి వడగళ్లకీ తగిలితే బలంగా తిరిగొస్తుంది. పొడి మంచు పలుకులకు తగిలితే తిరిగొచ్చేది బహు తక్కువ. మన వైపు వేసవిలో దాదాపు 16 వేల అడుగులు దాటితే నీరు గడ్డకట్టే చలి. మనమేమో 36 వేలలో పోతున్నాం. కిరణాన్ని తిన్నగా ముందుకే పెడితే అది తగిలేది మబ్బు తలకి, అంటే ఉత్త మంచుకి. తెర మీద ఆకుపచ్చ అంటే కొద్ది వాన, పసుపు అంటే ఓ మోస్తరు, ఎరుపు అంటే భారీ వాన, నలుపు అంటే ఏమీ తిరిగి రాలేదని. ఇక్కడ లేత ఆకుపచ్చ మరక కనిపిస్తుంది, ఒక్కోసారి అదీ ఉండదు. లోపల మాత్రం గాలి కుమ్మేస్తూ ఉంటుంది.

అందుకే టిల్ట్, అంటే యాంటెన్నా వంపు, దించాలి. ఎంత? లెక్క తేలికే. 60 నాటికల్ మైళ్ల దూరంలో ఒక డిగ్రీ అంటే సుమారు 6 వేల అడుగులు. 36 వేల నుంచి 18 వేల ఎత్తు చూడాలంటే 3 డిగ్రీలు కిందికి. కొత్త రాడార్లలో ఆటో పద్ధతి ఉంటే రాడారే ఈ పని చేస్తుంది, బాగానే చేస్తుంది. అయినా అనుమానం వచ్చిన చోట నాబ్ చేత్తో తిప్పి చూడాల్సిందేనని నా గట్టి నమ్మకం.

టిల్ట్ దించితే నేల కూడా తెర మీదికి వస్తుంది. కంగారు పడకండి. నేల మరక మన ముందు అంతే దూరంలో ఉండిపోతుంది, వాన మాత్రం మన మీదికి జరిగి వస్తుంది.

ఆ నేల మరకే ఒక్కోసారి ప్రాణం కాపాడుతుంది. ముందు చిక్కటి ఎరుపు, దాని వెనక నలుపు ఉందనుకోండి. ఎరుపు దాటితే ఖాళీయే కదా అనిపిస్తుంది. కాదండి! భారీ వాన కిరణాన్ని మింగేస్తే వెనక ఏముందో రాడార్‌కి తెలియదు. టిల్ట్ ఇంకాస్త దించండి. ఎరుపుకి అటూ ఇటూ నేల కనిపించి, సరిగ్గా దాని వెనక మాత్రం కనిపించకపోతే అది నీడ. అటు పోకూడదు. 1977 ఏప్రిల్ 4న అమెరికాలో సదరన్ ఎయిర్‌వేస్ 242 విమానం ఇలాంటి ఉరుముల గాలివానలోకి వెళ్లింది. నీళ్లూ వడగళ్లూ మింగి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. జార్జియాలో ఒక రోడ్డు మీద దిగబోయి కూలిపోయింది.

అంతర్వేది దాటి సముద్రం మీదికి వెళ్తే ఇంకో జాగ్రత్త. సముద్రం మీది మబ్బు అంతే ఎత్తున్నా, నేల మీది మబ్బు కన్నా రాడార్‌లో పలచగా కనిపిస్తుంది. అక్కడ పసుపుని తేలిగ్గా తీసుకోవద్దు.

తప్పుకునేటప్పుడు పెద్ద మబ్బుకి 20 మైళ్లు దూరం, అదీ గాలి వచ్చే వైపు నుంచి. గాలి పోయే వైపు వడగళ్లు విసిరేస్తుంది. మన దగ్గర ఏప్రిల్‌లో పై గాలి మామూలుగా పడమటిది, శ్రావణంలో తూర్పుది. కాబట్టి అలవాటు కొద్దీ తిరగకుండా తెర మీద గాలి బాణం చూసి తిరగండి.

తిరిగేది ముందే తిరగండి. ఇద్దరు పైలట్లలో ఒకరి తెర 160 మైళ్లకి, రెండోవారిది 80కి పెట్టుకోండి. మధురపూడిలో, అంటే రాజమండ్రి విమానాశ్రయంలో, దిగడానికి వస్తూ మబ్బు 80 మైళ్ల దూరంలో ఉండగానే పది డిగ్రీలు పక్కకి అడిగితే కంట్రోలర్‌కీ సులువు, వెనక కూర్చున్నవాళ్లకి తెలియను కూడా తెలియదు. అదే మబ్బు కోసం 20 మైళ్ల దగ్గర దాకా ఆగితే 35 డిగ్రీలు కావాలండి.