క్లెయిమ్ కొట్టేశారా? ముందు ఆ ఉత్తరం చదవండి

యాంకర్: ఆసుపత్రి బిల్లు కట్టాక ఆరోగ్య బీమా కంపెనీ నుంచి క్లెయిమ్ తిరస్కరించామని ఉత్తరం వచ్చింది. ఇంట్లో పెద్దాయన ముందుగా ఏం చేయాలి మేడమ్?

న్యాయవాది: ఏ షరతు కింద కొట్టేశారో చూడాలండి. అది రాయకపోతే ఈమెయిల్‌లో అడగాలి, ఫోన్లో చెప్పింది రుజువు కాదు. పెద్దల క్లెయిముల్లో తరచూ కనిపించేది 'పాత జబ్బు దాచారు' అనే మాట.

విశ్రాంత క్లెయిమ్స్ అధికారి: దాని మూలం చాలాసార్లు కేస్ షీట్లోనే ఉంటుంది. అడ్మిషన్ కంగారులో కొడుకు 'నాన్నకి పదేళ్లుగా బీపీ' అంటాడు, డ్యూటీ డాక్టర్ అలాగే రాసేస్తారు. అసలు మూడేళ్లే అయినా క్లెయిమ్ చూసేవాళ్లకి కనబడేది ఆ పదేళ్లే, అంటే పాలసీకి ముందే జబ్బు ఉన్నట్టు.

యాంకర్: సరిచేయించుకోవచ్చా?

న్యాయవాది: జబ్బు మొదట బయటపడినప్పటి చీటీ, ల్యాబ్ రిపోర్టు చూపించి, వైద్యం చేసిన డాక్టరుతో లెటర్‌హెడ్ మీద రాయించుకోవాలి. తేదీ, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఉన్నది ఉన్నట్టే రాయించండి, అబద్ధం రాయిస్తే కేసే పోతుంది. ఇంకోటి, పాలసీ ఆగకుండా 60 నెలలు నడిస్తే, మోసమని నిరూపిస్తే తప్ప దాచారనే కారణంతో కొట్టేయడానికి వీల్లేదు. 2024కు ముందు ఇది 8 ఏళ్లు.

అధికారి: కంపెనీ మారినా, పాత పాలసీనే కొత్త కంపెనీకి మార్చుకుని (పోర్ట్ చేసుకుని) ఉంటే పాత ఏళ్లు కలుస్తాయి. అందుకే పాత పాలసీ కాగితాలు పారేయొద్దు. బీమా మొత్తం పెంచుకుంటే మాత్రం, పెరిగిన మేరకు లెక్క ఆ తేదీ నుంచే.

యాంకర్: దివ్యాంగుల ప్రమాద బీమా సంగతి?

న్యాయవాది: సదరం సర్టిఫికెట్‌లో వైకల్య శాతం ఉంది కదా, అది చాలు అనుకుంటారు. పాలసీలో అవయవాలవారీ పట్టిక వేరే ఉంటుంది. ఏ అవయవం, ఎంత నష్టం, శాశ్వతమా కాదా అని ఆ పట్టికకు సరిపడేలా డాక్టరు రాయాలి.

యాంకర్: ఆ తర్వాత?

న్యాయవాది: కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి రాసి, అందినట్టు రుజువు పెట్టుకోండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్ లక్డీకాపూల్ ఏసీ గార్డ్స్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి దగ్గరకు వెళ్లొచ్చు. 50 లక్షల దాకా వింటారు, ఫీజు లేదు, లాయర్లకు ప్రవేశం లేదు. పింఛనుతో బతికేవాళ్లకి ముందు అదే నయం. గడువు ఏడాది.

అధికారి: ఆ తీర్పుకి కంపెనీ కట్టుబడాలి, మీరు కట్టుబడక్కర్లేదు.

న్యాయవాది: అవును, తర్వాత వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు, అక్కడ గడువు 2 ఏళ్లు. కానీ ముందే కమిషన్‌లో కేసు వేస్తే అంబుడ్స్‌మన్ దారి మూసుకుపోతుంది. నడవలేనివాళ్లు విచారణ వీడియోలో జరపమని ఫిర్యాదులోనే రాయండి.